మరొకరు నడిచే నేల



బడిపిల్లలున్న ఇళ్లలో మైన్‌క్రాఫ్ట్ పేరు వినని పెద్దవాళ్లు ఇప్పుడు తక్కువే. తెర మీద ఎటు చూసినా చదరపు దిమ్మలు. చెట్టు, కొండ, ఆవు, ఆఖరికి సూర్యుడు కూడా నాలుగు పలకలుగానే కనిపిస్తాడు. పిల్లలు మట్టి దిమ్మ తవ్వి తీస్తారు, తీసుకెళ్లి ఇంకోచోట పెడతారు. చెట్టు కొట్టి పలకలు చేస్తారు, గోడలు లేపుతారు, చీకటి పడేసరికి లోపలికి పోయి తలుపు వేసుకుంటారు. పక్కన నిలబడి చూసేవాళ్లకు ఇందులో అంత ఆకట్టుకునేది ఏముందో అంతుపట్టదు. ఈ పూట నేను ఆ ఆట మొత్తం గురించి మాట్లాడబోవడం లేదు. అందులో ఒక పని గురించే చెబుతాను. అది మ్యాపుల పని. ఎవరో తయారుచేసిన మ్యాపును మన కంప్యూటరులోకి తెచ్చుకుని ఆడడం, ఆ తర్వాత మనమే ఒకటి తయారుచేసి ఇంకొకరికి ఇవ్వడం. ఆటలో ఉన్న పనులన్నిటిలోకీ విలువైనది ఇదేనని నా నమ్మకం.

ఆట పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. స్వీడన్ దేశపు ప్రోగ్రామరు మార్కస్ పెర్సన్ 2009 మే నెలలో దీన్ని మొదటిసారి జనంలోకి వదిలాడు. పూర్తి రూపం 2011 నవంబరు 18న వచ్చింది. 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థ 250 కోట్ల డాలర్లు పెట్టి, ఈ ఆటను తయారుచేసిన మొజాంగ్ కంపెనీని కొనేసింది. మన హైదరాబాదులో చదువుకున్న సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టింది కూడా ఆ ఏడాదే. 2023 నాటికి ఈ ఆట 30 కోట్ల కాపీలకు పైగా అమ్ముడుపోయింది. వీడియో గేముల్లో ఇంత అమ్ముడైనది మరొకటి లేదు.

ఆట తెరిచి కొత్త ప్రపంచం కావాలని అడిగితే, సీడ్ అనే ఒక అంకెను పట్టుకుని కంప్యూటరు లెక్క కట్టి నేల పరుస్తుంది. ఒక్కో బ్లాకు మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. నడిమధ్య నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా 3 కోట్ల బ్లాకుల దాకా నేల ఉంటుంది. అంటే ఈ అంచు నుంచి ఆ అంచుకు 60,000 కిలోమీటర్లు. మన భూమి చుట్టుకొలతే దాదాపు 40,000 కిలోమీటర్లు! అంత విశాలమైన నేలలో అడవులుంటాయి, ఎడారులుంటాయి, అక్కడక్కడ ఊళ్లు కూడా తగులుతాయి. కానీ అవన్నీ లెక్కలో పడ్డవే. ఆ కొండ మీకోసం అక్కడ లేదు. ఆ వాగు మీరొస్తారని పారడం లేదు.

మ్యాపు సంగతి వేరు. ఎక్కడో ఒక మనిషి కూర్చుని, తనకు ముఖపరిచయం కూడా లేని ఇంకో మనిషి ఈ దారిన వస్తాడని తలచుకుని, ఇక్కడ ఆగుతాడు, ఇక్కడ తలెత్తి చూస్తాడు, ఇక్కడ కాస్త భయపడతాడు, ఇదిగో ఇక్కడ ఊపిరి పీల్చుకుంటాడు అని ముందుగా ఊహించి పెట్టిన నేల అది. ఎదుటివాడి అడుగు ఎక్కడ పడుతుందో ముందే ఊహించగలగడం, అదీ ఈ విద్య. పదమూడేళ్ల పిల్లవాడు ఆడుతూ పాడుతూ దీన్ని నేర్చుకుంటున్నాడంటే మనం కాసేపు కూర్చుని చూడాల్సిందే.

2011లో నూబ్‌క్రూ అనే మారుపేరుతో ఒకరు స్కైబ్లాక్ అనే మ్యాపు తయారుచేశారు. తెరవగానే మీరొక చిన్న మట్టి తునక మీద నిలబడి ఉంటారు. దాని మీద ఒక చెట్టు, ఒక పెట్టె. చుట్టూ ఏమీ లేదు. కింద నేల లేదు, దూరంగా కొండ లేదు, ఉన్నదంతా ఆకాశమే. అడుగు జారితే ప్రాణం పోయినట్టే. పెట్టె తెరిస్తే కాసింత మంచు, ఒక బకెట్టు లావా దొరుకుతాయి. మంచు కరిగితే నీళ్లు వస్తాయి. ఈ ఆటలో పారే లావాకు నీళ్లు తగిలితే రాయి పుడుతుంది. ఆ రాయిని తవ్వి తీస్తే ఆ ఖాళీలో మళ్లీ రాయి పుడుతుంది. అలా ఎంత కావాలంటే అంత. ఆ రాయితో మీరు తునక అంచును బ్లాకు తర్వాత బ్లాకుగా పెంచుకుంటూ పోవాలి. చెట్టు కొడితే ఆకుల్లోంచి మొక్క రాలుతుందా, ఆ మొక్క అంచు దాటి కిందికి పోతుందా అని గుండె చేత్తో పట్టుకుని చూస్తారు పిల్లలు. 3 కోట్ల బ్లాకుల నేలంతా తీసేసి, అరచేతిలో పట్టేంత మిగిల్చి, ఇక ఆడుకో అన్నాడు ఆ మనిషి. ఏమి పెట్టాలో తెలియడం కన్నా ఏమి తీసెయ్యాలో తెలియడం పెద్ద విద్య. ఈ ఒక్క మ్యాపు చూపించి ఆ సంగతి ఎవరికైనా చెప్పవచ్చు.

బీగ్ర్ అనే మారుపేరున్న ఇంకొకరు 2012లో డ్రాపర్ అనే మ్యాపు తెచ్చారు. అందులో నడక లేదు, పడడమే. ఎత్తు నుంచి దూకి, అడ్డొచ్చే గోడల్నీ దూలాల్నీ గాల్లోనే తప్పించుకుంటూ, అడుగున ఉన్న నీళ్లలో పడాలి. నీళ్లలో పడినవాడికి దెబ్బ తగలదని ఆటలో ఉన్న ఒక చిన్న నియమం. దాని మీదే మ్యాపు మొత్తం నిలబెట్టారు. ఇక హైపిక్సెల్ బృందం హెరోబ్రైన్స్ మ్యాన్షన్ వంటి సాహస మ్యాపులతో పేరు తెచ్చుకుని, జనమంతా కలిసి ఆడుకోవడానికి 2013 ఏప్రిల్‌లో సొంత సర్వరు పెట్టింది. ఆ సర్వరు ఈ ఆటకున్న సర్వర్లలో అతి పెద్దవాటిలో ఒకటిగా ఎదిగింది.

సరే, ఇటువంటి మ్యాపును మన కంప్యూటరులోకి తెచ్చుకోవడం ఎలా? కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

మొదట తేల్చుకోవాల్సింది మీ దగ్గరున్న ఆట ఏ రకమన్నది. కంప్యూటర్లలో ఆడే జావా ఎడిషన్ ఒకటి. ఫోన్లలో, టాబ్లెట్లలో, ఆట పెట్టెల్లో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్ ఇంకొకటి. విండోస్ కంప్యూటరులో రెండూ నడుస్తాయి. జావా కోసం చేసిన మ్యాపు బెడ్‌రాక్‌లో తెరుచుకోదు, బెడ్‌రాక్ కోసం చేసినది జావాలో తెరుచుకోదు. చంకర్ వంటి మార్పిడి సాధనాలున్నాయి గాని, కమాండ్లతో, అంటే ఆటకు రాసిచ్చే ఆజ్ఞలతో, నడిచే మ్యాపుల్ని అవి చెక్కుచెదరకుండా మార్చలేవు. అందుకని దించుకునే ముందే మ్యాపు వివరాల్లో ఏ ఎడిషనో చూడండి.

బెడ్‌రాక్ వాళ్ల పని సులువు. మ్యాపు ఎంసీవరల్డ్ అనే తోకతో ఒకే ఫైలుగా వస్తుంది. దాన్ని ఒక్కసారి నొక్కితే ఆట తనంతట తాను తెరుచుకుని మ్యాపును లోపలికి తీసుకుంటుంది. జావా వాళ్లకు ఇంకాస్త పని ఉంది. ఆట తెరిచి, సింగిల్ ప్లేయర్‌లోకి వెళ్లి, ఉన్న ప్రపంచాల్లో ఏదో ఒకటి ఎంచుకుని, ఎడిట్ నొక్కి, ఓపెన్ వరల్డ్ ఫోల్డర్ అన్న మీట నొక్కండి. ఫోల్డరు తెరుచుకుంటుంది. అందులోంచి ఒక మెట్టు పైకి వస్తే సేవ్స్ అనే ఫోల్డరులో ఉంటారు. మీ ప్రపంచాలన్నీ అక్కడ ఒక్కోటి ఒక్కో ఫోల్డరుగా కనిపిస్తాయి. దించుకున్న జిప్ ఫైలును విప్పి, అందులోంచి వచ్చిన ఫోల్డరును ఇక్కడ పెడితే పని అయిపోయినట్టే.

కానీ నూటికి తొంభై మంది పిల్లలు నా దగ్గరికి వచ్చి, మ్యాపు పెట్టాను, జాబితాలో కనిపించడం లేదు అని చెప్పేది ఇక్కడే. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. జిప్ విప్పినప్పుడు ఫోల్డరులో ఫోల్డరు పడుతుంది. బయటి ఫోల్డరుకు మ్యాపు పేరు, లోపలి ఫోల్డరుకూ అదే పేరు. ఆట బయటి ఫోల్డరులోకి తొంగిచూసి, తనకు కావలసింది కనపడక వదిలేస్తుంది. దానికి కావలసింది లెవెల్ డాట్ డ్యాట్ అనే ఫైలు. ప్రపంచం పేరు, ఆట నియమాలు, ఆటగాడు ఎక్కడ మొదలవ్వాలి, అందులో గంటెంతైంది, అన్నీ ఆ చిన్న ఫైలులో రాసి ఉంటాయి. దాని పక్కనే రీజియన్ అనే ఫోల్డరు. నేలంతా అందులోనే ఉంటుంది. ఆట నేలను 16 బ్లాకుల పొడవు, 16 బ్లాకుల వెడల్పు ఉన్న ముక్కలుగా కోసుకుని, 1,024 ముక్కల్ని ఒక ఫైలులో దాచుకుంటుంది. కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే: లెవెల్ డాట్ డ్యాట్ ఏ ఫోల్డరులో ఉందో ఆ ఫోల్డరే నేరుగా సేవ్స్‌లో ఉండాలి. మధ్యలో ఇంకో పొర ఉండకూడదు.

ఇంకో సంగతి. ప్రతి మ్యాపూ ఆట ఏదో ఒక వెర్షన్‌లో ఉండగా తయారైనదే. పాత మ్యాపును కొత్త వెర్షన్‌లో తెరిస్తే ఆట దాన్ని కొత్త పద్ధతికి మార్చేస్తుంది. ఆ మార్పును వెనక్కి తిప్పడం కుదరదు. 2018లో 1.13 వెర్షన్ వచ్చినప్పుడు కమాండ్లు రాసే తీరే చాలా వరకు మారిపోయింది, దాంతో అంతకుముందటి సాహస మ్యాపులు ఎన్నో మూగబోయాయి. తలుపులు తెరుచుకోవు, కథ ముందుకు సాగదు. మ్యాపు చేసినవాళ్లు ఫలానా వెర్షన్ అని రాసి ఉంటే లాంచరులో ఇన్‌స్టలేషన్స్ అన్నచోట సరిగ్గా ఆ వెర్షన్‌నే ఎంచుకుని ఆడండి. పాత వెర్షన్లన్నీ అక్కడ దొరుకుతాయి. ఏం చేసినా ముందు ఆ ఫోల్డరుకు ఒక నకలు తీసి పక్కన పెట్టండి.

తల్లిదండ్రులకు ఒక మాట. మ్యాపు అనేది ఫోల్డరు, అంతకుమించి కాదు. అందులో నడిపించాల్సిన ప్రోగ్రాము ఏదీ ఉండదు. దించుకున్నదాంట్లో ఈఎక్స్‌ఈ తోక ఉన్న ఫైలు కనిపించినా, ముందు ఈ ఇన్‌స్టాలర్ నొక్కండి అని అడిగినా అది మ్యాపు కాదు, తీసి పారేయండి. ఇది పిల్లలకు ముందే చెప్పి ఉంచితే చాలు.

ఒక దేశానికి దేశం మ్యాపైన సందర్భం కూడా ఉంది. డెన్మార్క్ ప్రభుత్వం 2013లో తన భూగోళ సమాచారాన్ని, అంటే నేల ఎత్తుపల్లాలు, రోడ్లు, ఇళ్లు, జనానికి ఉచితంగా ఇచ్చేసింది. ఇచ్చింది సరే, అంకెల రాశిని ఎవరు చూస్తారు? ఆ దేశపు భూకొలతల శాఖలో పనిచేసే ఇద్దరు 2014 ఏప్రిల్‌లో డెన్మార్క్ మొత్తాన్నీ మైన్‌క్రాఫ్ట్‌లో నిలబెట్టారు. మీటరుకు మీటరు. దేశంలో ఎంత దూరముంటే ఆటలోనూ అంతే దూరం. దాదాపు 4 లక్షల కోట్ల బ్లాకులు, ఒక టెరాబైటు సమాచారం. అప్పట్లో ఈ ఆటలో ఎత్తుకు 256 బ్లాకుల హద్దు ఉండేది. డెన్మార్క్‌లో అన్నిటికన్నా ఎత్తైన చోటు 171 మీటర్లే కాబట్టి అంతా అందులో ఇమిడిపోయింది. పిల్లలు తమ ఊరికి వెళ్లి, తమ వీధి వెతుక్కుని, తమ ఇంటి ముందు నిలబడవచ్చు. బడుల్లో పాఠాలకు పనికొస్తుందనే ఇదంతా చేశారు.

మరుసటి నెలలోనే కొందరు అందులో జొరబడి ఊళ్లలో కొంత భాగం పేల్చేసి, అమెరికా జెండాలు పాతారు. టీఎన్‌టీ అనే పేలుడు దిమ్మను ఆ శాఖవాళ్లు ముందే ఆపేసి ఉంచారు. కానీ ఆ దిమ్మను మోసుకుపోయే పట్టాలబండిని ఆపలేదు. ఆ సందులోంచే పని కానిచ్చారు. ఈ ఉదంతాన్ని నవ్వుకుని వదిలేసేవాళ్లున్నారు గాని, మ్యాపు చేసేవాళ్లంతా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. వచ్చేవాడు మనం అనుకున్నట్టే నడుస్తాడన్న హామీ లేదు.

అంతకుముందు 2013లో బ్రిటన్ సర్వే సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే తమ దేశాన్ని 2,200 కోట్ల బ్లాకులతో చేసింది. అక్కడ బెన్ నెవిస్ శిఖరమే 1,345 మీటర్లు, కాబట్టి మీటరుకు మీటరు కుదరదు. నేల మీద 50 మీటర్లకు ఒక బ్లాకు చొప్పున కుదించారు. ఐక్యరాజ్యసమితి నివాసాల విభాగం మొజాంగ్‌తో కలిసి 2012లో బ్లాక్ బై బ్లాక్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. నేపాల్‌లో కీర్తిపూర్ అనే పాత ఊళ్లో దేయ్ పుఖు చెరువును బాగుచేయాల్సి వచ్చినప్పుడు ఆ ఊరివాళ్లనే కూర్చోబెట్టి, ఆ చోటును ఆటలో చూపించి, ఎలా ఉండాలో మీరే కట్టి చూపించండి అన్నారు. ఇంజనీరు గీసిన నక్షా అందరికీ అర్థం కాదు. మెట్లు ఇక్కడ కావాలి, కూర్చునే అరుగు అక్కడ కావాలి అని బ్లాకులు పెట్టి చూపించడం మాత్రం చదువురాని అవ్వకైనా చేతనవుతుంది. మన ఊళ్లలో ఎన్ని చెరువులకు సుందరీకరణ పేరుతో చుట్టూ కంచె కట్టారో తలచుకుంటే, ఆ కీర్తిపూర్ పద్ధతి ఇక్కడికెందుకు రాకూడదు అనిపిస్తుంది.

అన్నిటికన్నా నన్ను కదిలించిన మ్యాపు ఇంకొకటుంది. 2020 మార్చి 12న రిపోర్టర్స్ వితవుట్ బోర్డర్స్ అనే పత్రికా స్వేచ్ఛా సంస్థ ఒక గ్రంథాలయాన్ని తెరిచింది. అన్‌సెన్సార్డ్ లైబ్రరీ దాని పేరు. బ్లాక్‌వర్క్స్ అనే బృందం దాన్ని మైన్‌క్రాఫ్ట్‌లో కట్టింది. 16 దేశాలకు చెందిన 24 మంది కలిసి కోటీ పాతిక లక్షల బ్లాకులకు పైగా పేర్చారు. తెల్లటి స్తంభాలు, పెద్ద గుమ్మటం, లోపల దేశానికో గది. సౌదీ అరేబియా, రష్యా, ఈజిప్టు, వియత్నాం, మెక్సికో. ఆయా దేశాల్లో అచ్చుకు నోచుకోని వ్యాసాలు, రాసినందుకు చెరసాల పాలైన, ప్రాణాలే పోగొట్టుకున్న విలేకరుల రాతలు ఆ ఆటలోని పుస్తకాల్లో ఉన్నాయి. 2018లో ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేటులో హత్యకు గురైన జమాల్ ఖషోగ్గీ రాతలు అక్కడ చదవవచ్చు. వార్తల సైట్లను మూసేసే ప్రభుత్వాలు పిల్లల ఆటను మూయలేదు కదా. అందులోనూ ఇది మ్యాపు, ఫోల్డరు. సర్వరులో ఆడడమే కాదు, దించుకుని ఇంట్లో పెట్టుకోవచ్చు. ఇందాక చెప్పిన ఆ సేవ్స్ ఫోల్డరులోనే. ఒకచోట మూసేస్తే వందచోట్ల నకళ్లుంటాయి. మనిషి మాటను దాచడానికి ఇటువంటి చోటు ఒకటి దొరికిందంటే నాకు ఎంతో ధైర్యంగా ఉంటుంది.

ఇక మనమే చేయడం.

మొదలుపెట్టేవాళ్లకు నేనిచ్చే సలహా ఒకటే. చిన్నది చేయండి. ఒక గది, ఒక నడవ, ఒక తలుపు. కొత్త ప్రపంచం తెరిచేటప్పుడు క్రియేటివ్ మోడ్ ఎంచుకోండి, కమాండ్లకు అనుమతి ఇవ్వండి, నేల రకంలో సూపర్‌ఫ్లాట్ పెట్టుకోండి. కొండలూ గుట్టలూ లేని చదును నేల వస్తుంది. ఎఫ్3 మీట నొక్కితే తెర మీద ఎక్స్, వై, జెడ్ అని మూడు అంకెలు కనిపిస్తాయి. మీరు నిలబడ్డ చోటుకు చిరునామా అదే. వై అంటే ఎత్తు.

ఒక తలుపు పని దగ్గరగా చూద్దాం. 3 బ్లాకుల వెడల్పు, 4 బ్లాకుల ఎత్తున్న రాతి గోడ ఒకటి దారికి అడ్డంగా ఉంది. ఆటగాడు దాని ముందుకు రాగానే అది మాయం కావాలి. ముందు కమాండ్ బ్లాకు తెచ్చుకోవాలి. అది మామూలు సంచీలో దొరకదు, గివ్ అనే కమాండుతో అడిగి తీసుకోవాలి. 2012లో ఈ బ్లాకు వచ్చాకే మ్యాపుల తీరు మారింది. అంతకుముందు మీటలూ తీగలూ తప్ప ఆధారం లేదు. ఆ బ్లాకును దారిలో నేల కింద పాతి, దాని మీద ప్రెషర్ ప్లేట్ పెట్టండి. కాలు పడితే నొక్కుకునే పలక అది. బ్లాకు లోపల ఫిల్ కమాండు రాయండి. గోడ కింది మూల చిరునామా మూడంకెలు, పై మూల చిరునామా మూడంకెలు, చివర ఎయిర్ అన్న మాట. ఆ రెండు మూలల మధ్య ఉన్న 12 బ్లాకులనూ గాలిగా మార్చెయ్యి అని అర్థం. కాలు పలక మీద పడగానే గోడ పోతుంది. ఒక్క ఫిల్ కమాండుతో 32,768 బ్లాకుల దాకా మార్చవచ్చు. అంటే 32 పొడవు, 32 వెడల్పు, 32 ఎత్తు ఉన్న దిమ్మెడు నేల! ఇది మొదటిసారి పనిచేసినప్పుడు పిల్లల ముఖం చూడాలి. రాసిన వాక్యం ఒకటి గోడను కూల్చింది మరి.

కట్టడం ముగిశాక ఆడేవాళ్లను అడ్వెంచర్ మోడ్‌లో ఉంచాలి. లేకపోతే తలుపు తెరుచుకునేదాకా ఎవరాగుతారు, గోడ పక్కన తవ్వుకుని లోపలికి పోతారు. డెన్మార్క్ పట్టాలబండిని మరిచిపోకండి.

నేల పెద్దదైతే చేత్తో బ్లాకులు పెట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు. వరల్డ్ ఎడిట్ అనే సాధనం తెచ్చుకుంటే చెక్క గొడ్డలితో రెండు మూలలు గుర్తుపెట్టి మధ్యనున్నదంతా నింపవచ్చు, నకలు తీసి ఇంకోచోట అతికించవచ్చు. కొండలు, లోయలు, నదులు గీయడానికి వరల్డ్ పెయింటర్ అనే ప్రోగ్రాము ఉంది. అది ఎత్తుల పటాన్ని కూడా తీసుకుంటుంది. తెలుపు ఉన్నచోట కొండ, నలుపు ఉన్నచోట పల్లం.

ఇదంతా తెలిసినప్పటి నుంచీ నా మనసులో గోలకొండ తిరుగుతోంది. మన హైదరాబాదులోనే ఉన్న జాతీయ దూరసంవేదన కేంద్రం భువన్ అనే తన వెబ్‌సైటు ద్వారా కార్టోశాట్ ఉపగ్రహం కొలిచిన ఎత్తులు ఉచితంగా ఇస్తుంది. 30 మీటర్లకు ఒక కొలత. అంటే ఆటలో 30 బ్లాకులకు ఒక ఎత్తు తెలుస్తుంది, మధ్యలో ఉన్న గుండ్లూ బండలూ మనమే చేత్తో చెక్కుకోవాలి. కొండ ఎత్తు ఓ 120 మీటర్లు. ఇప్పుడు ఆటలో అడుగు నుంచి పైదాకా 384 బ్లాకులున్నాయి, కాబట్టి మీటరుకు మీటరు హాయిగా పడుతుంది. 

గోలకొండే ఎందుకంటే, ఎదుటివాడి నడకను ఊహించి కట్టిన కట్టడం మన దగ్గర అంతకన్నా మంచిది నాకు తోచలేదు. బాలా హిసార్ దర్వాజా ముందు ఒక అడ్డుగోడ ఉంది. ఏనుగు దూరం నుంచి పరుగెత్తుకొచ్చి తలుపును గుద్దకుండా ఆ గోడ దాని దారిని మళ్లిస్తుంది. మలుపు తిరిగాక పరుగుకు చోటు ఉండదు. తలుపుల మీద ఇనుప మేకులు. ఆ కట్టినవాడు ఏనుగు అడుగుల్ని లెక్కపెట్టుకున్నాడు. కింద వాకిట గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిసార్‌లో వినిపించడం మనలో చాలామందికి అనుభవమే. ఆటలో అలాంటి ప్రతిధ్వని దానంతట అది పుట్టదు. అక్కడ గుమ్మటం కింద ఒక ప్రెషర్ ప్లేట్ పెట్టి, కింద కమాండ్ బ్లాకులో ప్లేసౌండ్ అని రాసి, పైన కొండ మీద నిలబడ్డ ఆటగాడికి ఆ చప్పుడు వినిపించేలా చేయాలి. ఇద్దరు ఆడాలి, ఒకరు కింద, ఒకరు పైన. ఆటలో మామూలుగా నడిస్తే వెయ్యి బ్లాకులు దాటడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. పైకెక్కే ఆ మూడొందల పైచిలుకు మెట్ల మధ్య ఆటగాడికి ఏం చూపించాలి, ఎక్కడ నీడ ఇవ్వాలి, మట్టి గొట్టాల్లో నీళ్లు పైకెక్కించిన ఏర్పాటు ఏ మలుపులో కనబడాలి, ఇవన్నీ తేల్చుకోవాలి. ఇది చేసే పిల్లలెవరైనా ఉంటే వాళ్లు చరిత్ర పుస్తకంలో ఆ కోట పేజీని మళ్లీ కొత్తగా చదువుతారు. చదవక తప్పదు.

వెలుతురు గురించి ఒక మాట చెప్పాలి. చీకట్లో దయ్యాలు పుట్టకుండా కాగడాలు పెట్టడం ఆటలో అందరికీ తెలిసిందే. కానీ మ్యాపులో కాగడాకు ఇంకో పని ఉంది. మనిషి వెలుతురు వైపు నడుస్తాడు. మా మేనకోడలు ఎనిమిదో తరగతి. ఒక సొరంగం మ్యాపు కట్టింది. కొంత దూరం పోయాక దారి రెండుగా చీలుతుంది, కుడిపక్క దారిలో కథ, ఎడమపక్కన ఉత్త గోడ. కట్టడం పూర్తయ్యాక పక్కింటి పిల్లవాణ్ని పిలిచి కూర్చోబెట్టింది. ఏమీ చెప్పకూడదని మేమిద్దరం ముందే అనుకున్నాం. వాడు చీలిక దగ్గర ఆగాడు, ఎడమకు తిరిగాడు, గోడ దాకా పోయాడు, గోడను గుద్దాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ ఎడమకే పోయాడు. అది పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. "అక్కా, ఇక్కడేమీ లేదే!" అన్నాడు వాడు. అది సమాధానం చెప్పలేదు. వాడు వెళ్లిపోయాక లేచి చూస్తే, ఎడమ గోడ పక్కన కాగడా ఒకటి ఉంది. కట్టేటప్పుడు తనకు కనబడాలని పెట్టుకున్నది. దాన్ని తీసి కుడిదారిలో నాలుగు బ్లాకుల అవతల పెట్టింది. మర్నాడు ఇంకో పిల్లను పిలిచింది. ఆ పిల్ల చీలిక దగ్గర ఆగనైనా ఆగలేదు, నేరుగా కుడికి పోయింది.

రాసేవాళ్లకూ ఇల్లు కట్టేవాళ్లకూ పాఠం చెప్పేవాళ్లకూ కావలసిన ఓర్పు అది. తను చేసినదాన్ని ఇంకొకరు వాడుతుంటే నోరు మెదపకుండా చూడగలగడం. పెద్దవాళ్లకే అంత తేలిగ్గా రాదు. ఆ పిల్లకు వచ్చింది. అందుకే మీ పిల్లలు మ్యాపు చేస్తామంటే కంప్యూటరు ముందు కూర్చున్నారని కసరకండి. చేసింది చూపించమనండి, మీరు కూర్చుని ఆడండి. మీట ఏది నొక్కాలో తెలియకపోయినా పరవాలేదు. దారి తెలియనివాళ్లే వాళ్లకు కావాలి.

మ్యాపు తయారయ్యాక నలుగురికీ ఇచ్చే ముందు కొన్ని పనులున్నాయి. ఇంకొకరు కట్టిన ఇల్లో, చెట్టో, కోటో మీ మ్యాపులో వాడుకుని ఉంటే వాళ్ల అనుమతి అడగండి, పేరు రాయండి. ఎన్నో నెలల శ్రమను పేరు చెరిపేసి సొంతం చేసుకోవడం ఈ లోకంలో మామూలైపోయింది, అది దొంగతనమే. ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో ఏ ఎడిషను, ఏ వెర్షను, ఎంతమంది ఆడాలి, ఎంతసేపు పడుతుంది అన్నవి రాసి పెట్టండి. మ్యాపుకు ప్రత్యేకమైన బొమ్మలూ చప్పుళ్లూ ఉంటే వాటిని రిసోర్సెస్ డాట్ జిప్ అన్న పేరుతో ప్రపంచం ఫోల్డరులోనే ఉంచితే జావా ఆట వాటిని తనంతట తాను తీసుకుంటుంది.

చివరిగా చేయాల్సిన పని చాలామందికి తట్టదు. ఒంటరిగా ఆడే ప్రపంచంలో ఆటగాడు ఎక్కడ ఉన్నాడు, సంచీలో ఏమున్నాయి అన్నది కూడా లెవెల్ డాట్ డ్యాట్ ఫైలు గుర్తుపెట్టుకుంటుంది. మీరు ఎక్కడ ఆపి బయటికొస్తే, దించుకున్నవాళ్లు అక్కడే కళ్లు తెరుస్తారు. అందుకని సంచీ ఖాళీ చేసి, అడ్వెంచర్ మోడ్‌లోకి మారి, కథ మొదలయ్యే చోటికి వెళ్లి, వాళ్లు మొదట ఏం చూడాలో అటు తిరిగి నిలబడి, అప్పుడు సేవ్ అండ్ క్విట్ నొక్కండి. ఆ ఫోల్డరును జిప్ చేసి, మీ కంప్యూటరులో కాదు, ఇంకొకరి కంప్యూటరులో విప్పి ఒకసారి తెరిచి చూడండి. అక్కడ తెరుచుకుంటే ఇక ఎవరికైనా పంపవచ్చు.